సాట్స్ ఫలితాల వివరణ సేవ: మొదటి సగం విలువైనది, రెండో సగం అమ్మకం

ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూలు చివరి తరగతి ఇయర్ 6. ఆ తరగతి పిల్లలు మే నెలలో రాసే కీ స్టేజ్ 2 పరీక్షలను అందరూ సాట్స్ అనే పిలుస్తారు. ఫలితాలు జులై మొదట్లో స్కూళ్ళకు చేరి, వేసవి సెలవులు మొదలయ్యేలోగా వార్షిక నివేదికతో పాటు ఇంటికి వస్తాయి. 2024లో మా అమ్మాయి నివేదిక వచ్చినప్పుడు, దాన్ని తల్లిదండ్రులకు విడమరిచి చెబుతామని ప్రకటించుకున్న ఒక ట్యూషన్ సంస్థ సేవను మేము డబ్బు కట్టి వాడుకున్నాం. నలభై ఐదు నిమిషాల వీడియో కాల్, ఆ తర్వాత ఈమెయిల్లో వచ్చే రెండు పేజీల విశ్లేషణ, రెండూ కలిపి 40 పౌండ్లు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరిని నిలబెట్టాలనో పడగొట్టాలనో ఈ సమీక్ష రాయడం లేదు కాబట్టి ఆ పేరుతో పనిలేదు. ఇలాంటి సేవకు డబ్బు కట్టే ముందు దాని నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో తోటి తెలుగు తల్లిదండ్రులకు తెలియాలన్నదే నా ఉద్దేశం.

ముందుగా మా చేతికొచ్చిన నివేదిక గురించి చెప్పాలి. రీడింగ్‌లో 103, వ్యాకరణం, విరామచిహ్నాలు, స్పెల్లింగు కలిసిన పేపర్లో 109, లెక్కల్లో 99. మొదటి రెండింటి పక్కన ఏఎస్ అని, మూడోదాని పక్కన ఎన్‌ఎస్ అని అక్షరాలు ఉన్నాయి. ఏఎస్ అంటే ఆశించిన ప్రమాణాన్ని అందుకున్నట్టు, ఎన్‌ఎస్ అంటే అందుకోనట్టు. రైటింగ్‌కు అంకె ఏమీ లేదు. ఆశించిన ప్రమాణంలో ఉందని ఒక్క వాక్యం ఉంది. ఈ దేశంలో చదువుకోని మనబోటి వాళ్ళకు ఇందులో మొదట తికమకపెట్టేది ఆ 99. లెక్కల్లో 99 వచ్చిందని ఫోన్లో చెప్పగానే మా అమ్మ, "నూటికి తొంభై తొమ్మిదా! ముందు పిల్లకు దిష్టి తీయండిరా" అన్నది. అదే 99 పక్కన ప్రమాణాన్ని అందుకోలేదని ఎందుకు రాశారో ఆమెకు వివరించడానికి నాకు చేతకాలేదు. అందుకే ఈ సేవ మంచిదా కాదా అని తేల్చడానికి నేను మనసులో పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: కాల్ ముగిశాక ఆ అంకెను నేను మా అమ్మకు తేలిక మాటల్లో చెప్పగలగాలి.

ఆ పరీక్షలో సేవ నెగ్గింది. మాతో మాట్లాడిన కౌన్సెలర్ ఇంగ్లండ్‌లోనే ఇయర్ 6 టీచరుగా పనిచేసి మానేసిన తెలుగు ఆవిడ. ఆమె మొదటి పది నిమిషాలు మా అమ్మాయి ఊసే ఎత్తలేదు, కొలబద్ద గురించి మాత్రమే మాట్లాడారు. స్కేల్డ్ స్కోరు 80 దగ్గర మొదలై 120 దగ్గర ఆగుతుంది. అది శాతమూ కాదు, ర్యాంకూ కాదు. 100 అన్నది ఆ ప్రమాణానికి గీసిన గీత, అంతే. పిల్లలు నిజంగా తెచ్చుకునే మార్కులు వేరు. రీడింగ్ పేపర్ 50 మార్కులకు, వ్యాకరణం, స్పెల్లింగు కలిపి 70కి, లెక్కలు మూడు పేపర్లూ కలిపి 110కి ఉంటాయి. ఏటా పేపరు ఎంత కష్టంగా వచ్చిందో చూసి, ఆ మార్కులను స్కోరుగా మార్చే పట్టికను పరీక్షల తర్వాత విడుదల చేస్తారు.

పట్టిక ఏటా ఎందుకు మారుతుందో చెప్పడానికి ఆమె మూడేళ్ళ రీడింగ్ పట్టికలను తెరపై పక్కపక్కన పెట్టి చూపించారు. 100 స్కోరు రావాలంటే 2022లో 29 మార్కులు కావాల్సి వచ్చింది, 2023లో 24 సరిపోయాయి, 2024లో 28 అడిగారు. అంటే 50కి 26 తెచ్చుకున్న పిల్లవాడు 2023లో గీత దాటాడు, అవే 26 మార్కులతో అంతకుముందు ఏడూ తర్వాతి ఏడూ గీతకు కిందే ఉండిపోయేవాడు. 2023 రీడింగ్ పేపర్ మరీ కష్టంగా ఉందని, పిల్లలు కన్నీళ్ళు పెట్టుకున్నారని అప్పట్లో పత్రికల్లో గట్టి గోలే జరిగింది. ఆ కష్టాన్ని పట్టిక ఎలా సర్దిందో ఈ మూడు అంకెల్లోనే కనబడుతుంది. ఇంత సూటిగా, ఉపోద్ఘాతాలు లేకుండా ఈ సంగతిని ఎవరైనా చెప్పడం నేను వినలేదు. పక్కింటి అబ్బాయికి కిందటేడు ఎన్ని మార్కులు వచ్చాయో ఆరా తీసి మన పిల్లతో పోల్చే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ ఒక్క పట్టిక చాలు.

అక్కడి నుంచి ఆమె మా 99కి వచ్చారు. 2024లో లెక్కల్లో 100 స్కోరుకు 54 మార్కులు కావాలి. మా అమ్మాయికి వచ్చినవి 53. నూట పది మార్కులను నలభై ఒక్క స్కోర్లలోకి కుదిస్తారు గనుక, సాధారణంగా రెండు మూడు మార్కుల తేడా ఉన్న పిల్లలు కూడా ఒకే స్కోరు మీద నిలుస్తారు. అలాంటిది గీత దగ్గర మాత్రం ఒక్క మార్కు తేడాతో పక్కనుండే అక్షరాలే మారిపోతాయి. ఇది చెబుతూ ఆమె మమ్మల్ని ఓదార్చలేదు, భయపెట్టనూ లేదు. "ఒక్క మార్కే కదా అని తీసిపారేయకండి, 99 రావడానికి కారణం ఆ ఒక్క మార్కు కాదు, పోయిన మిగతా యాభై ఆరు" అన్నారు. ఆ మాట సరైనది.

దీనితో పాటు ఆమె చెప్పిన ఇంకో విషయం చాలామంది తల్లిదండ్రులకు తెలియదని నా అనుమానం. 100 అంటే దేశ సగటు అని అనుకుంటాం. కాదు. 2024లో ఇంగ్లండ్ మొత్తం మీద సగటు స్కోరు రీడింగ్‌లో 105, లెక్కల్లో 104. లెక్కల్లో ఆశించిన ప్రమాణాన్ని అందుకున్నవాళ్ళు 73 శాతం, అంటే నలుగురిలో ఒకరికి పైగా అందుకోలేదు. కాబట్టి రీడింగ్‌లో మా అమ్మాయికి వచ్చిన 103 గీతకు పైనే ఉన్నా సగటుకు కాస్త తక్కువ. ఏఎస్ అన్న అక్షరాలు చూసి రీడింగ్‌ను వదిలేసి, ఎన్‌ఎస్ చూసి లెక్కల మీద పడబోయిన మాకు ఇది కనువిప్పు. పైగా ఆ తర్వాత తేలిన సంగతులను బట్టి చూస్తే, లెక్కల్లోని లోటుకూ రీడింగ్‌లోని ఈ బొటాబొటి స్కోరుకూ సంబంధం ఉంది.

సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. కాల్‌కు ముందే సంస్థ ఒక చిన్న ఫారం పంపి, నివేదికలో కనిపించే స్కోరుతో సరిపెట్టుకోకుండా, స్కూలును అడిగి లెక్కల మూడు పేపర్ల మార్కులు విడివిడిగా తెచ్చుకోమంది. వీలైతే దిద్దిన జవాబు పత్రాల కాపీలు కూడా చూపించమని అడగమంది. దిద్దిన పత్రాలను స్కాన్ చేసి స్కూళ్ళకు ఆన్‌లైన్లో అందుబాటులో ఉంచుతారన్న విషయమే మాకు అప్పటిదాకా తెలియదు. మా క్లాస్ టీచర్ అడగగానే ప్రింటు తీసి ఇచ్చారు. చూస్తే, మొదటి పేపరైన అరిథ్‌మెటిక్‌లో 40కి 31. లెక్కను మాటల్లో చెప్పి ఆలోచింపజేసే రీజనింగ్ పేపర్లలో ఒకదానిలో 35కి 12, ఇంకోదానిలో 35కి 10. ఒకచోట నాలుగింట మూడొంతులకు పైగా మార్కులు, ఇంకోచోట రెండు పేపర్లూ కలిపి మూడో వంతు కూడా లేవు. ఈ రెంటినీ కలిపి ముద్దచేసి 99 అని రాస్తే దాన్నుంచి ఎవరికి ఏమి తెలుస్తుంది?

పత్రాలను కౌన్సెలర్ పేజీ పేజీ తిప్పి చూపించారు. అరిథ్‌మెటిక్ చివర్లో పెద్ద భాగహారం లెక్కలు వస్తాయి, ఒక్కొక్కటి రెండు మార్కులకు. ఒకదానిలో మా అమ్మాయి పద్ధతంతా సరిగ్గా వేసి, మధ్యలో ఒక తీసివేతలో అప్పు తెచ్చుకున్న అంకెను తగ్గించడం మరిచిపోయింది. దానితో జవాబు తప్పింది. అయినా ఒక మార్కు వేశారు, ఎందుకంటే పద్ధతి చూపించి ఒకే ఒక్క కూడిక తీసివేత పొరపాటు చేసినవాళ్ళకు ఒక మార్కు ఇవ్వాలని, మార్కులు ఎలా వేయాలో చెప్పే మార్క్ స్కీమ్‌లోనే ఉంది. అదే లెక్కను పక్క కాగితం మీద చేసి జవాబు మాత్రం రాసుంటే సున్నా వచ్చేది. గడిలో చెయ్యి తిరిగేంత చోటిచ్చింది అందుకేనని, పద్ధతి అక్కడే రాయడం అలవాటు చేయమని ఆమె చెప్పారు.

రీజనింగ్ పేపర్ల కథ వేరు. తప్పు జవాబుల కన్నా ఖాళీ గళ్ళే ఎక్కువ, అవీ పేపరు చివరి పేజీల్లోనే కాదు, మధ్యమధ్య కూడా ఉన్నాయి. కౌన్సెలర్ ఆ ఖాళీలను గుర్తుపెట్టి చూపించారు: ప్రశ్న రెండు లైన్లకు మించి ఉన్న ప్రతిచోటా దాదాపు ఖాళీయే. ఒక ప్రశ్నలో మూడు వస్తువుల ధరలు నేరుగా ఇవ్వకుండా ఒకదానితో ఒకటి పోల్చి ఇచ్చారు. మా అమ్మాయి మొదటి వాక్యం కింద గీత గీసి అక్కడే ఆగిపోయింది. ఆ లెక్కలో ఉన్నది మామూలు కూడికే. దాన్ని అంకెల్లో ఇచ్చి ఉంటే ఆమె కళ్ళు మూసుకుని చేసేదే. అంటే లోటు లెక్కల్లో ఉన్నదాని కన్నా, లెక్కను మాటల్లోంచి బయటకు లాగడంలో ఎక్కువ ఉంది. రీడింగ్ స్కోరు సగటుకు తగ్గడానికీ దీనికీ మధ్య ఉన్న పోలికను ఆమె చెప్పకముందే నా భార్య పట్టుకుంది. స్కోరు ఒక్కటే చూసి ఇంట్లో ఎక్కాల పుస్తకం బయటకు తీసి ఉంటే, పిల్లకు వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ రుద్దేవాళ్ళం.

ఒక్క మార్కు కోసం మళ్ళీ దిద్దించమని అడగవచ్చా అని నేను సహజంగానే అడిగాను. తల్లిదండ్రులు నేరుగా అడగలేరని, అడిగితే స్కూలే అడగాలని, దానికి గడువు కూడా కొద్ది రోజులేనని చెప్పి, ఆమె పత్రాలన్నీ మార్క్ స్కీమ్ పక్కన పెట్టి చూశారు. సందేహించదగ్గ చోటు ఒక్కటీ కనబడలేదన్నారు. ఆశ పెట్టి ఇంకో రుసుము గుంజే అవకాశం ఉన్నా ఆ పని చేయనందుకు సంస్థకు మార్కు వేయాల్సిందే.

రైటింగ్ గురించి రెండు నిమిషాల్లో ముగించారు, అది న్యాయమే. దానికి పరీక్ష ఉండదు. ఏడాది పొడవునా పిల్లలు రాసినవాటిని చూసి టీచరే నిర్ణయిస్తారు. ప్రమాణం వైపు సాగుతున్నారని, ప్రమాణంలో ఉన్నారని, ప్రమాణాన్ని మించి గ్రేటర్ డెప్త్‌లో ఉన్నారని ప్రధానంగా మూడు మెట్లు. సైన్సుకూ టీచరు నిర్ణయమే, అందులో ప్రమాణం అందుకున్నారా లేదా అన్నంతే. ఇండియా నుంచి ఈ మధ్యే వచ్చిన పిల్లలకు, పరీక్షకు రాని పిల్లలకు, పరీక్ష స్థాయికి కింద చదువుతున్న పిల్లలకు స్కోరు బదులు వేరే అక్షరాలు వస్తాయి; మీ నివేదికలో అంకెలకు బదులు ఒంటరి అక్షరం కనబడితే కంగారు పడకుండా స్కూలును అడగడమే దారి.

తెలుగులో మాట్లాడటం వల్ల కలిగిన మేలును తక్కువగా చూడలేను. స్కూల్లో పేరెంట్స్ ఈవెనింగ్‌కు వెళ్ళినప్పుడు పది నిమిషాల్లో ఇంగ్లిషులో వినేసి తలూపి వచ్చే నా భార్య, ఇక్కడ మాత్రం తెలియని ప్రతి మాటనూ ఆపి అడిగింది. చివరి పది నిమిషాలు పిల్లను కూడా కూర్చోబెట్టమన్నారు. కౌన్సెలర్ ఆమెతో స్కోరు గురించి ఒక్క మాటా ఎత్తకుండా, "ఈ ధరల లెక్కలో నీకు మొదట ఏం చూడాలనిపించిందమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగారు.

ఇంతవరకు అయితే నేను కట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనే చెప్పేవాణ్ణి. చిక్కంతా రెండు రోజుల తర్వాత ఈమెయిల్లో వచ్చిన రెండు పేజీల విశ్లేషణతో మొదలైంది. కాల్‌లో మనిషి చెప్పిన వివేకం ఆ కాగితంలో మచ్చుకు కూడా లేదు. బహుశా దాన్ని సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది, ఎవరూ చదివి చూడరు. మొదటి పేజీలో పెద్ద గ్రాఫు: మా అమ్మాయి 99 ఎర్ర రంగులో, దేశ సగటు 104 పచ్చ రంగులో, వాటి పక్కనే ఎలెవెన్ ప్లస్ అర్హత 121 అని ఇంకో కడ్డీ.

ఇది చిన్న లోపం కాదు, కొలబద్దలనే కలిపేసిన లోపం. పరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకునే ప్రభుత్వ సెకండరీ స్కూళ్ళైన గ్రామర్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష ఎలెవెన్ ప్లస్‌లో వాడేది స్టాండర్డైజ్డ్ స్కోరు. అందులో సాధారణంగా 100 అంటే సగటు, పైగా పిల్లల వయసును బట్టి స్కోరును సర్దుతారు. సాట్స్‌లో 100 అంటే సగటు కాదు, వయసు సర్దుబాటూ ఉండదు. బకింగ్‌హమ్‌షైర్‌లో ఎలెవెన్ ప్లస్ అర్హత స్కోరు 121; సాట్స్‌లో ఎంత తెలివైన పిల్లకైనా 120కి మించి రావడమే అసాధ్యం. అలాంటి రెండు కొలతలను ఒకే గ్రాఫులో నిలబెట్టడం, తూకపు రాయి పక్కన గజం కర్ర పెట్టి ఏది ఎక్కువో చెప్పమన్నట్టుంది. పైగా ఎలెవెన్ ప్లస్ పరీక్ష ఇయర్ 6 మొదట్లో సెప్టెంబరులోనే అయిపోతుంది, సెకండరీ స్కూలు సీట్ల నిర్ణయం మార్చి 1న వస్తుంది, సాట్స్ రాసేది మే నెలలో. అంటే జులైలో ఈ కాగితం చూసే ఏ ఇంటికీ ఎలెవెన్ ప్లస్‌తో పని మిగలదు. మనవాళ్ళలో చాలామందికి గ్రామర్ స్కూలంటే ఉన్న మోజు తెలిసి, అక్కడ సీటు దక్కని గాయాన్ని మళ్ళీ కెలకడం తప్ప ఆ మూడో కడ్డీకి ఇంకో ప్రయోజనం నాకు కనబడలేదు.

రెండో పేజీ ఇంకా అభ్యంతరకరం. పదకొండేళ్ళు నిండబోతున్న పిల్లకు, అయిదేళ్ళ తర్వాత సెకండరీ చదువు చివర రాయబోయే జీసీఎస్ఈ పరీక్షల్లో ఏ సబ్జెక్టులో ఏ గ్రేడు వస్తుందో వరుసగా వేసిచ్చారు. రీడింగ్, లెక్కల స్కోర్ల సగటును ప్రోగ్రెస్ 8 అనే కొలమానంలో ప్రారంభ బిందువుగా తీసుకుంటారన్నది నిజమే. అయితే అది సెకండరీ స్కూలు పనితీరును కొలవడానికి. ఒకే స్థాయిలో మొదలైన వేలమంది పిల్లలను కలిపి చూసినప్పుడే దానికి అర్థం ఉంటుంది. ఒక్క పిల్ల నుదుటి రాతలా గ్రేడు రాసివ్వడానికి అది పనికిరాదు. కోవిడ్ వల్ల 2020లో, 2021లో సాట్స్ జరగనే లేదు. ఆ పిల్లలు పదహారేళ్ళ వయసుకొచ్చిన సంవత్సరాలకు ప్రోగ్రెస్ 8 ప్రచురించడం కుదరదని ప్రభుత్వమే పక్కన పెట్టింది. సాట్స్ స్కోరే లేకపోయినా ఆ పిల్లలకు జీసీఎస్ఈ గ్రేడులు రాకుండా ఏమీ ఆగదు.

ఈ స్కోరుతో సెకండరీ స్కూల్లో కింది సెట్‌లో, అంటే స్థాయిని బట్టి విడదీసే గుంపుల్లో కిందిదానిలో, వేస్తారని కూడా ఆ పేజీలో ఒక హెచ్చరిక ఉంది. స్కోర్లు కొత్త స్కూలుకు వెళ్ళే మాట వాస్తవం. వాటితో ఏం చేయాలన్నది ఆ స్కూలు ఇష్టం; చాలా స్కూళ్ళు సెప్టెంబరులో తమ సొంత పరీక్షలు పెట్టుకుని, కొన్ని వారాలు పిల్లలను చూసి, ఆ తర్వాతే సెట్లు నిర్ణయిస్తాయి. ప్రమాణం అందుకోని పిల్లల చేత ఇయర్ 7లో సాట్స్ మళ్ళీ రాయించాలన్న ప్రతిపాదన ఒకప్పుడు ఉండేది గానీ, ప్రభుత్వం 2016లోనే దాన్ని విరమించుకుంది. కాబట్టి 99తో వెళ్ళిన పిల్లకు కొత్త స్కూల్లో నిర్బంధంగా జరిగేది ఏమీ లేదు.

చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా ఒకచోట కనబడింది. మా అమ్మాయి ఆగస్టులో పుట్టింది. సెప్టెంబరులో పుట్టిన తన క్లాస్‌మేట్ కన్నా దాదాపు ఏడాది చిన్నది, కానీ ఇద్దరూ ఒకే రోజు ఒకే పేపరు రాశారు. సాట్స్ స్కోరులో వయసు సర్దుబాటు లేదు గనుక, వేసవిలో పుట్టిన పిల్లలకు సగటున స్కోర్లు తక్కువగా ఉండటం ప్రభుత్వ గణాంకాల్లో ఏటా కనిపించే విషయమే. ఫారంలో పుట్టిన తేదీ అడిగి తీసుకున్నారు. దాన్ని కాల్‌లో గానీ కాగితంలో గానీ ఎక్కడా వాడలేదు. అడిగాక, "అవునండీ, అదీ ఒక కారణం కావచ్చు" అని మెయిల్లో ఒక లైను జవాబు పంపారు.

ఎర్ర రంగు ఎందుకో, గ్రేడుల జోస్యం ఎందుకో ఆఖరి పేరాలో తేలిపోయింది. ఆరు వారాల వేసవి ట్యూషన్ ప్యాకేజీ, 420 పౌండ్లు, ఈ వారంలో చేరితే పదో వంతు తగ్గింపు. ఆ ప్యాకేజీలో ఏముందని అడిగితే అరిథ్‌మెటిక్ అభ్యాసాలే సింహభాగం. మా అమ్మాయికి అరిథ్‌మెటిక్ వచ్చని, రావలసింది మాటల లెక్కలని వాళ్ళ కౌన్సెలరే కాల్‌లో పత్రాలు తిప్పి నిరూపించిన తర్వాత పంపిన ప్యాకేజీ ఇది. కుడిచెయ్యి చేసిన రోగనిర్ధారణను ఎడమచెయ్యి చదవలేదన్నమాట. మేము చేరలేదు. ఆ తర్వాత వారం రోజులు ఫోన్లు వచ్చాయి, మర్యాదగానే, కానీ వచ్చాయి.

ఇక ఇదంతా డబ్బు లేకుండా దొరకదా అంటే, చాలావరకు దొరుకుతుంది. స్కేల్డ్ స్కోరంటే ఏమిటో వివరించే తల్లిదండ్రుల సమాచార పత్రం విద్యాశాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. భాష పొడిపొడిగా ఉన్నా తప్పుదారి పట్టించదు. పరీక్ష పేపర్లు, మార్క్ స్కీమ్‌లు, మార్కులను స్కోరుగా మార్చే పట్టికలు కూడా అక్కడే ఉంటాయి. నివేదిక గురించి టీచరుతో మాట్లాడే ఏర్పాటు స్కూలు చేయాలి, అది తల్లిదండ్రుల హక్కు. మూడు పేపర్ల మార్కులు విడివిడిగా అడిగి, జవాబు పత్రాల కాపీ పక్కన మార్క్ స్కీమ్ పెట్టుకుని, ఒక సాయంత్రం పిల్లతో కూర్చోగలిగిన వాళ్ళకు ఈ సేవ అవసరం లేదు. ఇంగ్లిషులో టీచరును నాలుగు ప్రశ్నలు నిలదీసి అడగడానికి జంకేవాళ్ళకు, ఈ దేశపు చదువులు బొత్తిగా కొత్త అయినవాళ్ళకు మాత్రం ఆ నలభై ఐదు నిమిషాలు 40 పౌండ్లకు తగ్గ విలువ ఇస్తాయి. అయిదుకు ఎన్ని ఇస్తారని అడిగితే కాల్‌కు నాలుగున్నర, కాగితానికి ఒకటి ఇస్తాను.

తీసుకోదలచినవాళ్ళు తేదీ చూసి తీసుకోవాలి. ఫలితాలు 2024లో జులై 9న స్కూళ్ళకు చేరాయి, మా స్కూలు జులై మూడో వారం దాటగానే మూతపడింది. ఆ మధ్యనున్న కొద్ది రోజుల్లోనే క్లాస్ టీచరు చేతికి చిక్కుతారు. సెలవులిచ్చాక కాల్ పెట్టుకుంటే జవాబు పత్రాలు ఉండవు, పత్రాలు లేకపోతే కౌన్సెలర్ చేతిలో నివేదికలోని అంకె తప్ప ఏమీ ఉండదు. ముందు టీచరును కలిసి కాపీలు తెచ్చుకోండి, ఆ తర్వాత అవసరమనిపిస్తేనే బుక్ చేయండి. బుక్ చేసేటప్పుడు, రాతపూర్వక విశ్లేషణ మాకు వద్దు, దాని బదులు ఇంకో పావుగంట మాట్లాడతారా అని అడిగి చూడండి. మా తర్వాత చేరిన ఒక స్నేహితురాలు అలా అడిగితే ఒప్పుకున్నారు.